గేటు దగ్గర చెప్పిన మాట

"అంటే మా అమ్మకు మీరు చెప్పలేదు. అంతేగా?"

"చెప్పానండీ. గేటు దగ్గర నిలబడి గట్టిగానే చెప్పాను."

"ఎవరు విన్నారు?"

డ్రైవరమ్మ వెనక్కి తిరిగి వీధివైపు చూసింది. వీధిలో వినడానికి ఎవరున్నారు? జ్వరాల భయానికి జనమంతా తలుపులు బిగించుకుని కూర్చున్నారు. బడులు మూతపడ్డాయి. ఆమె నడిపే స్కూలు బస్సు షెడ్డులో దుమ్ముకొట్టుకుపోతోంది. ఊరికే కూర్చోలేకే కదా, గడప దాటలేని పెద్దవాళ్లకు సరుకులూ మందులూ చేరవేసే బృందంలో చేరింది! ఇప్పుడు ఆ పెద్దవాళ్ల గుమ్మంలోనే దొంగలా నిలబడాల్సి వచ్చింది.

మెట్టు మీదే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. జ్వరాల రోజులు కాబట్టి అనకపోయినా తప్పులేదు. కానీ ఈ అనకపోవడం ఆ అనకపోవడం కాదు.

మధ్యగదిలో బల్ల మీద మందుల రేకుడబ్బా బోర్లించి ఉంది. పొద్దున ఆ బల్ల పక్క కుర్చీలోంచే ఆ ఇంటి పెద్దాయన మాస్టారు పక్కకు ఒరిగిపోయారు. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలుకు లేదు. షుగర్ బాగా పడిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదనీ ఆసుపత్రిలో అన్నారట. గండం గడిచింది కానీ ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. కూతురు మాత్రం తల్లిని ఇంట్లో దించి, డబ్బా తెరిచి చూసి, వెంటనే డ్రైవరమ్మకు ఫోన్ చేసింది.

ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు పరిశీలించడం ఆ కూతురి ఉద్యోగం. తగలబడిన దుకాణం నిజంగానే తగలబడిందా, తగలబెట్టారా అని తేల్చే మనిషి. ఆమె అడిగే తీరే అంత.

"ఇవిగో రెండు షుగర్ అట్టలు. రోజుకు ఒక్కటే వేసుకోవాలి. మీరు మందులు తెచ్చిన రోజునుంచి రెంటిలోంచీ రోజుకొక్కటి చొప్పున పోయాయి. ఇది బీపీ అట్ట. ఒక్క మాత్ర కూడా కదల్లేదు. ఇదివరకు బీపీ మాత్ర పొడుగ్గా ఉండేది. ఈసారి మీరు తెచ్చింది గుండ్రంగా, తెల్లగా, షుగర్ మాత్రకు కవల పిల్లలా ఉంది. కంపెనీ మారిన సంగతి మీకు తెలుసా, తెలియదా?"

"తెలుసండీ. షాపాయన చెప్పాడు. అదే అమ్మగారికి చెప్పాను. అమ్మా, ఈసారి బీపీ మాత్ర మారింది, చూసి వెయ్యండి అన్నాను. చూస్తాలే అన్నారు."

కూతురు తల తిప్పింది. "అమ్మా, అన్నావా?"

మాస్టారమ్మ కిటికీ పక్కన పేము మోడాలో కూర్చుని ఉంది. ఒకప్పుడు కుట్టుపనికి పేరు మోసిన చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో చీర అంచును ఒక్కో దారమూ లెక్కపెడుతున్నట్టు తడుముతోంది. ముఖం కిటికీవైపు ఉంది.

"అమ్మా, నిన్నే."

"నాకేమీ చెప్పలేదు" అంది మాస్టారమ్మ.

డ్రైవరమ్మ గుమ్మంవైపు ఒక అడుగు వేసింది.

"అమ్మగారూ! నా ముఖం చూసి చెప్పండి ఆ మాట!"

మాస్టారమ్మ ముఖం తిప్పలేదు. "సంచి స్టూలు మీద పెట్టింది. వెళ్లిపోయింది. అంతే" అంది, ఇంకా కిటికీకే చెబుతున్నట్టు.

"విన్నారుగా" అంది కూతురు. చేతిలోని అట్టలను బల్ల మీదకు విసిరేసింది. అది కోపమో, ఆసుపత్రిలో పుట్టి ఇంకా దిగని భయమో డ్రైవరమ్మకు అర్థం కాలేదు. "మీ బృందం పెద్దకు ఫోన్ చేస్తున్నాను. ఇంకే ఇంటికీ మీ చేత మందులు పంపొద్దని చెబుతాను. సరుకులు మోసుకోండి, బియ్యం మారితే ఎవరూ చావరు."

ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

*

మందుల షాపు ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. షాపాయన తాడుకు అవతల, డ్రైవరమ్మ ఇవతల.

"కంపెనీ మారిందని మీరు నాకు చెప్పారు కదండీ?"

"చెప్పే ఉంటాను."

"చెప్పే ఉంటానేంటండీ? చెప్పారు. వాళ్లకు తప్పకుండా చెప్పమ్మా అని కూడా అన్నారు."

షాపాయన అటూ ఇటూ చూశాడు. అప్పటికే ఆ కూతురు ఇక్కడికీ ఫోన్ చేసిందని అతని చూపే చెబుతోంది.

"చూడమ్మా, రోజంతా వందమందితో మాట్లాడతాను. ఏదో జరిగింది. ఆయన బతికాడు, సంతోషం. నన్నిందులోకి లాగకు."

"లాగడం కాదండీ. ఒక్క మాట..."

"పక్కకు జరుగుతావా? వెనక మనిషి ఉన్నాడు."

వెనక ఎవరూ లేరు.

*

సాయంత్రం ఇంట్లో భర్త స్కూటర్ ప్లగ్గు విప్పి న్యూస్‌పేపర్ మీద పెట్టుకుని గీకుతున్నాడు. మెకానిక్ మనిషి. అతని పని షెడ్డులో అయిపోదు, ఇంటిదాకా వస్తుంది. అంతా విన్నాడు. చివరికి తల ఎత్తకుండానే అడిగాడు.

"నిజం చెప్పు. చెప్పావా?"

డ్రైవరమ్మ పళ్లెం తీసి గట్టిగా కింద పెట్టింది. "మీరూనా?"

"అడిగితే తప్పా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేం?"

"నేనేం తడుముకోవట్లేదు. బస్సెక్కిన ప్రతి పిల్లనీ వాళ్లమ్మ చేతికి అప్పజెప్పేదాకా బండి కదపని దాన్ని నేను. మందు ఇచ్చి మాట చెప్పకుండా వస్తానా?"

"పిల్లలు వేరు. వాళ్లు చూసింది చూసినట్టు చెబుతారు." అతను ప్లగ్గును దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. "ముసలివాళ్లకు మరుపెక్కువ. ఆవిడ మర్చిపోయి ఉంటుంది. లేదా..."

"లేదా?"

"లేదా మొగుడంటే విసిగిపోయి ఉంటుంది."

"ఛీ! ఏం మాటలండీ అవి?"

"లోకంలో లేనిదా? మంచం పట్టకపోయినా మనిషిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండటం మాటలు కాదు. నిప్పు లేనిదే పొగ రాదు. అబద్ధం చెప్పిందంటే ఆవిడ దగ్గర దాచుకునేదేదో ఉంది." ప్లగ్గు పక్కన పెట్టాడు. "నీకెందుకొచ్చిన గొడవ? ఈ సేవలూ గీవలూ మానెయ్. బడులు తెరిచేదాకా ఇంట్లో ఉండు."

ఆమె పళ్లెం పక్కకు నెట్టి లేచి వంటింట్లోకి వెళ్లింది. అన్నం చల్లారిపోయింది.

చీదరించుకుంది కానీ, భర్త మాట ముల్లులా లోపల దిగబడిపోయింది. ఆ రోజు మాస్టారమ్మ సంచి అందుకున్న తీరు గుర్తు తెచ్చుకుంది. నవ్వుతూ వచ్చింది. నెమ్మదిగా వచ్చింది. స్టూలు మీద చెయ్యి వేసి, సంచిని ఒకసారి పైనుంచి కిందికి నిమిరి లోపలికి పట్టుకెళ్లింది. ఆ నవ్వు వెనక ఏముంది?

ఇంకాసేపటికి అసలు తాను మాట చెప్పిందా, చెబుదామనుకుని వచ్చేసిందా అన్న అనుమానం తన మీద తనకే మొదలైంది. అది అన్నిటికన్నా చెడ్డ అనుమానం. దానికి అడ్డుగా నిలబడే సాక్షి లోపల కూడా ఉండడు.

*

మర్నాడు మాస్టారిని ఇంటికి పంపుతున్నారనీ, కూతురు తీసుకురావడానికి వెళ్లిందనీ పక్క వీధిలో సరుకులు దించుతుంటే తెలిసింది. మాస్టారమ్మ ఒంటరిగా ఉంటుంది. అడిగితే ఇప్పుడే అడగాలి.

మంచి ఎండగా ఉంది. గేటు గొళ్లెం తీసి లోపలికి అడుగు పెట్టేసరికి మాస్టారమ్మ వసారాలోనే ఉంది, గుమ్మానికి ఆనుకుని.

ఎప్పుడూ అయితే డ్రైవరమ్మ గేటు దగ్గరినుంచే "అమ్మగారూ, నేనే, డ్రైవరమ్మని!" అని కేకేసేది. సంచి స్టూలు మీద పెట్టి, గేటుదాకా వెనక్కి వచ్చి, ఆవిడ బయటికొచ్చి తీసుకునేదాకా చూసి వెళ్లేది. బృందంలో నేర్పిన పద్ధతి అది. ఇవాళ ఆ కేక వెయ్యబుద్ధి కాలేదు. తనను చూడగానే ఆ ముఖంలో ఏం కదులుతుందో చూడాలనుకుంది. మాస్కు తీసి చేత్తో పట్టుకుంది. పలకరించకుండా నిలబడింది.

మాస్టారమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎవరూ? నీళ్ల క్యాను ఆయనా?" అంది. "ఇవాళ వద్దు నాయనా. రేపు రా."

డ్రైవరమ్మ తన ఖాకీ చొక్కా వైపు ఒకసారి చూసుకుంది. ఎండలో ఎదురుగా నిలబడి ఉంది. నీళ్ల క్యాను ఆయన తనకు రెండింతల మనిషి, పైగా గడ్డం.

నటిస్తోందా? నన్ను చూడనట్టు, గుర్తుపట్టనట్టు ఎంత బాగా నటిస్తోంది!

చప్పుడు కాకుండా గోడవైపు జరిగింది. మాస్టారమ్మ చూపు గేటు దగ్గరే ఉండిపోయింది. ఇంకొంచెం జరిగింది. ఆ చూపు కదల్లేదు. ఖాళీ గేటునే చూస్తూ, ఆవిడ పెదవులు తడుపుకుంది.

"మాట్లాడవేం?" గొంతులో భయం తొంగిచూసింది. "ఎవరది? ఎవరున్నారు?" చెయ్యి గాలిలో తలుపు రెక్క కోసం వెతికింది.

డ్రైవరమ్మ గోడ దగ్గరే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ గేటుకూ ఈ గుమ్మానికీ మధ్య దూరం పాటించింది, జాగ్రత్త కోసమే. ఆ దూరంలోనే ఈ ముసలావిడ తన చీకటిని భద్రంగా దాచుకుంది. కేక వినిపిస్తే నవ్వింది. స్టూలు తగిలితే సంచి తీసుకుంది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

"అమ్మగారూ, నేనండీ."

తలుపు పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. ఆవిడకు అర్థమైపోయింది. మెల్లగా గుమ్మంలోనే చతికిలబడింది.

"ఎంతసేపైంది నువ్వొచ్చి?"

"నీళ్ల క్యాను వద్దన్నప్పుడే ఉన్నాను."

"అలాగా." గడప చెక్కను అరచేత్తో తడిమింది. "చేతికి ఏదైనా తెలుస్తుందమ్మాయ్. దారం తెలుస్తుంది, సూది తెలుస్తుంది, పప్పులో రాయి తెలుస్తుంది. పాత అట్టలు కూడా తెలిసేవి. ఇది పెద్దది, అది చిన్నది. నువ్వు మారిందని చెప్పినప్పుడు, తడిమితే తెలియకపోతుందా అనుకున్నాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

"అయితే నేను చెప్పాను."

"చెప్పావు. నీ గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది."

రాత్రంతా తనను తొలిచిన అనుమానం ఒక్కసారిగా దిగిపోయింది. ఆ చోట్లోకి కోపం వచ్చింది. "మరి నిన్న ఎందుకలా అన్నారండీ? నన్ను చూస్తే ఎలా కనిపించాను మీకు, అడ్డంగా నరికెయ్యడానికి?"

"కనిపించలేదు కదమ్మా. అదేగా గొడవ" అంది మాస్టారమ్మ. తన మాటకు తనే చిన్నగా నవ్వబోయి, ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. "నాకు చూపు లేదని అమ్మాయికి తెలిసిందా, ఆ పూటే సామాను సర్దేస్తుంది. నాన్న నా దగ్గర, అమ్మ తమ్ముడి దగ్గర అని ఎప్పుడో అనేసింది. దాని తప్పు లేదు. దాని ఇల్లు ఇరుకు, వాడిది ఇంకా ఇరుకు. ఇద్దర్నీ ఒకచోట పెట్టుకునే చోటు ఎవరికీ లేదు. పెళ్లయినప్పటినుంచీ ఆయన గురక లేకుండా నేను నిద్రపోలేదమ్మాయ్."

"మాస్టారికి తెలుసా?"

"తెలీదు!" ఆ మాట గబుక్కున వచ్చింది. "తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. నేను ఆయన దగ్గర టైపు నేర్చుకునే రోజుల్లో నా కళ్లు చూసే నన్ను చేసుకున్నానని చెప్పుకు తిరిగేవాడు."

డ్రైవరమ్మ మెట్టు మీద కూర్చుంది.

మాస్టారమ్మ గొంతు తగ్గించింది. "ఒక్క మాట సాయం చెయ్యి. చెప్పడం మర్చిపోయానని అను. అమ్మాయి ఓ గంట అరుస్తుంది, తర్వాత మర్చిపోతుంది. నీకు పోయేదేముంది?"

"నాకు పోయేదేముందా? ఈ వీధి చివర మేడమీద ఒక తాతగారున్నారు. నా గొంతు వినపడితే తప్ప మాత్ర మింగడు. ఇంకో ఇంట్లో పెద్దావిడ నేను పెట్టిన సంచి తప్ప ఇంకెవరి సంచీ ముట్టదు. ఈ డ్రైవరమ్మ మందులు తారుమారు చేసిందట అని ఒక్కసారి పాకితే, రేపు వాళ్లకెవరు తెస్తారు?"

మాస్టారమ్మ తల దించుకుంది.

"అది కూడా పోనివ్వండి. నేను ఆ నింద మోస్తాననుకోండి. రేపు పొద్దున మాస్టారికి మాత్ర ఎవరిస్తారు?"

ఆవిడ వేళ్లు మళ్లీ చీర అంచు వెతుక్కున్నాయి. "నేనే ఇస్తాను. ఇంకా జాగ్రత్తగా ఇస్తాను."

"జాగ్రత్త సరిపోదండీ."

"నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ చేతులు జోడించింది. డ్రైవరమ్మకు కాస్త పక్కగా, గోడకు దణ్ణం పెట్టింది. డ్రైవరమ్మ జరిగి ఆ చేతులకు ఎదురుగా కూర్చుంది.

అప్పుడే గేటు ముందు కారు ఆగింది.

*

కూతురు ముందు తండ్రిని దింపింది. మాస్టారు పొడుగాటి మనిషి. ఒక్కరోజులో సగం అయిపోయినట్టున్నారు. కూతురి భుజం పట్టుకుని గేటు దాటుతూ, వసారాలో ఇద్దరినీ చూసి ఆగారు. కూతురూ చూసింది.

"బాగుంది. నేను లేనప్పుడు చూసుకుని వచ్చారన్నమాట. ఏం, మా అమ్మ చేత మాట మార్పించడానికా?"

"కాదండీ."

"మరి దేనికి? మాస్కు కూడా లేదు. అమ్మా, ఏమంటోంది ఈమె? బెదిరించిందా? నీ ముఖం అలా పాలిపోయిందేం?"

"ఏమీ లేదే. ఊరికే వచ్చింది" అంది మాస్టారమ్మ. గొంతు వచ్చిన వైపు తల తిప్పి, సరిగ్గా కూతురి ముఖంవైపే నవ్వింది. ఎంత సాధన చేస్తే వచ్చిన నవ్వో అది!

"ఊరికే ఎవరూ రారు." కూతురు తండ్రిని వసారాలోని కుర్చీలో కూర్చోబెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇప్పుడు మా నాన్న ముందే తేలిపోవాలి. మీరు చెప్పారా, లేదా? చెప్పలేదంటే ఒప్పుకోండి, వదిలేస్తాను. చెప్పానంటే మా అమ్మ అబద్ధాలకోరు అవుతుంది. ఏదో ఒకటి అనండి."

డ్రైవరమ్మ మాస్టారమ్మ వైపు చూసింది. ఆవిడ ఇటే చెవి ఒగ్గి వింటోంది. గుమ్మంలో గడపను రెండు చేతులతో పట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

చెబితే ఈ ఇల్లు రెండు ముక్కలవుతుంది. చెప్పకపోతే ఏదో ఒక పొద్దున మాస్టారు మళ్లీ ఆ కుర్చీలోంచి ఒరిగిపోతారు. ఈసారి లేస్తారో లేదో.

"అమ్మగారికి..." అని మొదలుపెట్టింది డ్రైవరమ్మ.

"ఆ అమ్మాయి చెప్పింది" అన్నారు మాస్టారు.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"గేటు దగ్గర నిలబడి చెప్పింది. బీపీ మాత్ర మారింది, చూసి వెయ్యండి అని. నేను లోపల పడక కుర్చీలో ఉన్నాను. ప్రతి అక్షరం విన్నాను."

"మీరు విన్నారా?" కూతురు నమ్మలేనట్టు చూసింది. "విని కూడా... మరి మాత్ర నోట్లో వేసుకునేముందు చూసుకోలేదా నాన్నా?"

"చూశాను."

"ఏం చూశారు?"

"మీ అమ్మ రెండూ షుగర్ అట్టల్లోంచే తీసి నా చేతిలో పెట్టిందని చూశాను. ఒక మాత్ర ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను. తెలిసే వేసుకున్నాను."

కూతురి ముఖంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. పరాయివాళ్ల అబద్ధాలు పట్టుకోవడం అలవాటైన మనిషికి, కన్నతండ్రి నోటినుంచి వచ్చిన నిజాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"తెలిసే?" అంది. "నాన్నా... ప్రాణం మీదకు తెచ్చుకోవాలనే వేసుకున్నారా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. కానీ ఎందుకు వేసుకున్నారో చెప్పలేదు. ఎలా చెబుతారు? ఇది తప్పుడు మాత్ర అని ఒక్కమాట అని ఉంటే, నీకు కనిపించడం లేదని నాకు తెలుసు అని భార్య ముఖాన చెప్పినట్టే. ఆ మాట అనలేక ఆయన మింగింది మాత్రను. డ్రైవరమ్మకు అది అర్థమైంది.

కూతురికి అర్థం కాలేదు. "అమ్మా, చూడు, ఏమంటున్నారో చూడు!" అని తల్లి భుజం పట్టి కుదిపింది.

మాస్టారమ్మ కూతురి మాట విన్నట్టు లేదు. గడప వదిలేసింది. భర్త గొంతు వచ్చిన దిక్కుకు ముఖం తిప్పింది. ఈసారి నవ్వలేదు, చూస్తున్నట్టు నటించలేదు.

"ఎప్పట్నుంచండీ?" అంది.

"ఏది ఎప్పట్నుంచి?" కూతురు ఒకసారి తల్లినీ, ఒకసారి తండ్రినీ చూసింది. తర్వాత డ్రైవరమ్మను చూసింది. ఆ చూపులో అనుమానం మళ్లీ పడగ విప్పింది. "మీ ముగ్గురికీ తెలిసి, నాకు తెలియనిది ఏముంది ఈ ఇంట్లో?"

మాస్టారు జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్నారు. మాస్టారమ్మ లేచి, కూతురి కళ్లెదుటే గోడను తడుముకుంటూ వెళ్లి, ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.